పని చూసి హెడ్‌ఫోన్స్ కొనాలి, చెవి చూసి వాడాలి

ఇప్పుడు చాలా ఇళ్లలో హెడ్‌ఫోన్స్ ఒక్క పాటలకే పరిమితం కాలేదు. అబ్బాయి నాత్ రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడతాడు. అమ్మాయి ఆన్‌లైన్ కోచింగ్ క్లాసు వింటుంది. గల్ఫ్‌లో ఉన్న అబ్బా రాత్రిపూట వీడియో కాల్ చేస్తారు. వీటన్నిటికీ కలిపి ఆఫర్‌లో కనిపించిన ఒక జత కొనేస్తారు. కొన్నాళ్లకు ఫిర్యాదులు మొదలవుతాయి. రికార్డు చేసిన గొంతు వెనక ట్రాక్ చప్పుడు కూడా వినిపిస్తోందని, హెడ్‌ఫోన్స్‌లో బాగున్న మిక్సింగ్ ఫోన్లో వింటే పేలవంగా ఉందని, ఆరు నెలలకే ఒక వైపు మూగబోయిందని.

వీటిలో చాలావాటికి కారణం వస్తువు నాసిరకం కావడం కాదు. ఒక పనికి తయారైనదాన్ని ఇంకో పనికి వాడటం, తర్వాత దాన్ని సరిగ్గా చూసుకోకపోవడం. కాబట్టి ఎంత పెట్టి కొనాలన్నది రెండో ప్రశ్న. దేనికి కొంటున్నామన్నది మొదటిది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పాడైన హెడ్‌ఫోన్స్‌ను బాగు చేయించుకోవచ్చు, పాడైన వినికిడిని తిరిగి తెచ్చుకోలేం.

ఒక్కో అవసరానికి ఒక్కో రకం

హెడ్‌ఫోన్స్ చరిత్ర చూసినా ఇదే అర్థమవుతుంది. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో హెడ్‌ఫోన్స్ తయారుచేసి నౌకాదళానికి పంపాడు. వైర్‌లెస్ సందేశాలు వినే ఉద్యోగుల కోసం చేసిన పరికరం అది, సంగీతం కోసం కాదు. 1937లో జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ డీటీ 48 తెచ్చింది. 1958లో జాన్ కాస్ స్టీరియో సంగీతం ఇంట్లో వినడానికి హెడ్‌ఫోన్స్ తయారుచేశాడు. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డీ 414తో, వెనక భాగం తెరిచి ఉండే ఓపెన్ రకం మార్కెట్లోకి వచ్చింది. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక తేలికపాటి హెడ్‌ఫోన్స్ తలకు పెట్టుకుని వీధిలో నడవడం మామూలైపోయింది. ప్రతి మలుపులోనూ వేరే వాడకందారు, వేరే అవసరం.

ఓపెన్, క్లోజ్డ్: అసలు తేడా ఇదే

చెవి మీద కూర్చునే గిన్నెలాంటి భాగాన్ని కప్ అంటారు. దాని వెనక భాగం పూర్తిగా మూసి ఉంటే అది క్లోజ్డ్ బ్యాక్. లోపలి శబ్దం బయటికి పెద్దగా రాదు, బయటి శబ్దం లోపలికి తక్కువగా వస్తుంది. కప్ వెనక జాలీ, రంధ్రాలు ఉంటే అది ఓపెన్ బ్యాక్. ఇందులో శబ్దం రెండు వైపులా తిరుగుతుంది. పక్కన కూర్చున్నవాళ్లకు మీరు వింటున్నదంతా వినిపిస్తుంది. మీకు ఇంట్లో కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది.

మరి ఓపెన్ రకం ఎందుకు? మూసిన కప్‌లో శబ్దం గోడకు తగిలి మళ్లీ చెవి వైపే వస్తుంది. దాంతో బేస్ కొంత ఉబ్బినట్టు, శబ్దమంతా తల లోపలే ఇరుక్కున్నట్టు అనిపిస్తుంది. ఓపెన్ రకంలో ఆ ఇబ్బంది తక్కువ. గొంతు, వాయిద్యాలు విడివిడిగా, విశాలంగా వినిపిస్తాయి. చెవికి వేడి కూడా తక్కువ.

ఈ రెండిటికీ మధ్యలో సెమీ ఓపెన్ ఉంటుంది. స్టూడియోల్లో తరచూ కనిపించే ఏకేజీ కే240 ఈ కోవకు చెందుతుంది. ఇక చెవి రంధ్రంలో సిలికాన్ టిప్‌తో దూరేవి ఇన్-ఇయర్. ఇవి బయటి శబ్దాన్ని బాగానే ఆపుతాయి, జేబులో పడతాయి.

రికార్డింగ్‌కు క్లోజ్డ్ రకమే

పాడేవాళ్లు, వాయిస్ ఓవర్ చెప్పేవాళ్లు ఒక చెవితో ట్రాక్ వింటూ మైక్ ముందు నిలబడతారు. మైక్ కప్‌కు జానెడు, రెండు జానల దూరంలోనే ఉంటుంది. హెడ్‌ఫోన్స్ నుంచి లీకైన శబ్దం మైక్‌లో పడితే తర్వాత దాన్ని తీసేయడం దాదాపు కుదరదు. సాఫ్ట్‌వేర్‌తో తీయబోతే గొంతు కూడా దెబ్బతింటుంది. నాత్ లాగా వాయిద్యాలు లేకుండా ఒక్క గొంతే వినిపించాల్సిన రికార్డింగ్‌లో ఈ లోపం ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. అందుకే ఇక్కడ క్లోజ్డ్ బ్యాక్ తప్ప వేరే మాట లేదు.

స్టూడియోల్లో ఏళ్ల తరబడి నిలిచిన క్లోజ్డ్ మోడళ్లలో 1991లో వచ్చిన సోనీ ఎండీఆర్-7506, సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ ఉన్నాయి. ఇవే కొనాలని కాదు. ఇవి ఎలా ఉన్నాయో చూస్తే రికార్డింగ్‌కు ఏం కావాలో తెలుస్తుంది: చెవి చుట్టూ పూర్తిగా పరుచుకునే ప్యాడ్, తల ఊపినా జారని పట్టు, పొడవాటి వైరు.

లీక్ ఎంత ఉందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. హెడ్‌ఫోన్స్ తలకు పెట్టుకుని, ఎప్పుడూ వినే వాల్యూమ్‌లో ట్రాక్ మోగిస్తూ, నోరు మెదపకుండా అర నిమిషం మైక్ ఆన్ చేసి రికార్డు చేయాలి. ఆ రికార్డింగ్‌లో ట్రాక్ వినిపిస్తే వాల్యూమ్ తగ్గించాలి, లేదా ప్యాడ్ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి. సొంత గొంతు వినడానికి ఒక కప్‌ను చెవి వెనక్కి జరిపే అలవాటు చాలామందికి ఉంటుంది. అప్పుడు తీసిన కప్ మైక్ వైపు తెరుచుకుని ఉండకూడదు, తలకు ఆనించి ఉంచాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ వైపు శబ్దాన్ని ఆపేయగలిగితే ఇంకా మంచిది.

రికార్డింగ్‌కు బ్లూటూత్ పనికిరాదు. గాలిలో వచ్చే శబ్దం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు, కొన్నిసార్లు అంతకంటే ఆలస్యంగా చెవికి చేరుతుంది. తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తే ఎంత బాగా పాడేవారైనా తడబడతారు. వైరు ఉన్నవే వాడాలి. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే అందులో డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే గొంతు కంప్యూటర్ దాకా వెళ్లి రాకుండా నేరుగా చెవికి వస్తుంది.

మిక్సింగ్‌కు నిజం చెప్పే జత

మిక్సింగ్ అంటే రికార్డు చేసిన గొంతు, ట్రాక్, ఎకో వీటి పాళ్లు సరిచూడటం. ఇక్కడ శబ్దాన్ని అందంగా చేసి వినిపించే జత నష్టం చేస్తుంది. మార్కెట్లో 'ఎక్స్‌ట్రా బేస్' అని అమ్మేవాటిలో కింది స్వరాలు కావాలనే పెంచి ఉంటారు. వాటిని నమ్మి మిక్స్ చేసేవాళ్లు బేస్ ఎక్కువైందనుకుని తగ్గిస్తారు. ఆ ఫైల్ టీవీలోనో కారులోనో మోగితే గొంతు పలుచగా, ప్రాణం లేనట్టు వస్తుంది. ఎక్కువ తక్కువలు లేకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు వినిపించేదాన్ని ఫ్లాట్ అంటారు. మిక్సింగ్‌కు కావాల్సింది అదే.

నిశ్శబ్దమైన గది ఉంటే దీనికి ఓపెన్ బ్యాక్ మంచిది. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600కు ఈ పనిలో పేరుంది. పిల్లలు తిరిగే ఇల్లు, రోడ్డు పక్క గది అయితే ఓపెన్ రకం పెట్టి ఉపయోగం లేదు. అలాంటి చోట మంచి క్లోజ్డ్ జతతోనే పని కానివ్వాలి. ఒకటే కొనగలిగే స్థోమత ఉన్నప్పుడు కూడా క్లోజ్డ్ వైపే మొగ్గాలి. దాంతో రికార్డింగ్, మిక్సింగ్ రెండూ నడుస్తాయి. ఓపెన్ జతతో రికార్డింగ్ నడవదు.

ఎంత మంచి జత అయినా హెడ్‌ఫోన్స్‌కు ఒక పరిమితి ఉంది. స్పీకర్‌లో ఎడమ వైపు శబ్దం కొంత కుడి చెవికి కూడా చేరుతుంది, గది గోడల ప్రతిధ్వని కూడా కలుస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆ రెండూ ఉండవు. అందుకే ఎకో ఎంత పెట్టాలన్నది, ఏ శబ్దం ఏ పక్కకు జరపాలన్నది హెడ్‌ఫోన్స్ ఒక్కదానితో తేల్చుకోకూడదు. ఫైల్ పూర్తయ్యాక ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, టీవీలోనో కారులోనో ఒకసారి వినాలి. వినేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఫోనే.

మరో పరీక్ష మోనో. ఫంక్షన్ హాళ్లలో మైక్ సెట్లు తరచూ ఎడమ, కుడి శబ్దాలను ఒకటిగా కలిపి మోగిస్తాయి. స్టీరియోలో విశాలంగా వినిపించడానికి చేసిన కొన్ని మార్పులు అలా కలిపినప్పుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, గొంతు సన్నబడిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో మోనో బటన్ నొక్కి ఒకసారి వింటే ఈ ప్రమాదం ముందే తెలిసిపోతుంది.

చెవి అలిసిపోతే తీర్పు తప్పుతుంది. ముప్పావు గంటకోసారి హెడ్‌ఫోన్స్ తీసి పది నిమిషాలు పక్కన పెట్టాలి. వాల్యూమ్ మాటిమాటికీ మార్చకూడదు. పెంచిన ప్రతిసారీ శబ్దం 'బాగుంది' అనిపించడం చెవి సహజ లక్షణం, మిక్స్ గొప్పతనం కాదు.

మామూలుగా వినడానికి

వార్తలు, పాటలు, తిలావత్, క్లాసులు, కాల్స్... వీటికి స్టూడియో జత అక్కర్లేదు. సుఖంగా ఉండటం, బ్యాటరీ ఎక్కువసేపు రావడం, మాట స్పష్టంగా వినిపించడం చాలు. బ్లూటూత్ ఇక్కడ సౌకర్యమే. ఎస్‌బీసీ, ఏఏసీ, ఆప్ట్‌ఎక్స్, ఎల్‌డాక్ అనే పేర్లు పెట్టె మీద కనిపిస్తాయి. ఇవి శబ్దాన్ని కుదించి పంపే పద్ధతులు. ఫోన్, హెడ్‌ఫోన్స్ రెండిట్లోనూ ఒకే పద్ధతి ఉంటేనే దాని లాభం దక్కుతుంది. హెడ్‌ఫోన్స్‌లో ఎల్‌డాక్ ఉండి ఫోన్లో లేకపోతే దానికోసం పెట్టిన అదనపు డబ్బు వృథా.

బ్లూటూత్‌లో మైక్ ఆన్ అయితే చాలా పరికరాల్లో పాట నాణ్యత ఒక్కసారిగా పడిపోయి టెలిఫోన్ గొంతులా వస్తుంది. అది పాడవడం కాదు. మాట్లాడటం, వినడం రెండూ ఒకేసారి నడవడానికి బ్లూటూత్ వేరే పద్ధతికి మారుతుంది, అంతే. అందుకే ఆన్‌లైన్‌లో తజ్వీద్ నేర్చుకునేవాళ్లకు, ఉచ్చారణ దిద్దించుకోవాల్సిన భాషా క్లాసులకు మైక్ ఉన్న వైర్డ్ హెడ్‌సెట్ మేలు. ధర తక్కువ, చార్జింగ్ గొడవ లేదు, అక్షరం స్పష్టంగా వెళ్తుంది.

నాయిస్ క్యాన్సిలేషన్ అంటే బయటి శబ్దాన్ని చిన్న మైక్‌తో పట్టి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని చెవిలో మోగించి రద్దు చేయడం. బస్సు ఇంజిన్, విమానం, ఏసీ లాంటి ఒకే తీరు శబ్దాల మీద ఇది బాగా పనిచేస్తుంది. మాటల మీద, హారన్ల మీద అంతగా పనిచేయదు. దీని అసలు లాభం చెవికి. బయటి హోరు తగ్గితే వాల్యూమ్ పెంచాల్సిన పని ఉండదు. కానీ రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు దీన్ని వాడకూడదు.

స్కార్ఫ్ కట్టుకునేవాళ్లు, కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ఒక విషయం గమనించాలి. చెవికీ ప్యాడ్‌కూ మధ్య గుడ్డ గానీ కళ్లజోడు కాడ గానీ వస్తే గాలి చొరబడుతుంది, బేస్ తగ్గిపోతుంది, లీక్ పెరుగుతుంది. మందపాటి గుడ్డ పై స్వరాలను కూడా కొంత మింగేస్తుంది. అలాంటివాళ్లకు రోజువారీ వినడానికి స్కార్ఫ్ లోపల కూర్చునే ఇన్-ఇయర్ సౌకర్యం. అయితే మైక్ గుడ్డకు రాసుకుంటే అవతలివాళ్లకు గరగర వినిపిస్తుంది. రికార్డింగ్‌కైతే మెత్తని, లోతైన ప్యాడ్ ఉన్న పెద్ద కప్ జత, పైన పలుచని గుడ్డ. కొనేముందు రోజూ ఉండే తీరులోనే పెట్టుకుని చూడాలి.

పెట్టె మీద అంకెలు

పెట్టె మీద ముఖ్యంగా మూడు అంకెలుంటాయి. మొదటిది ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్. మనిషి చెవి వినగలిగేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్. చౌక జతల మీద కూడా ఇదే రాసి ఉంటుంది, కాబట్టి ఈ ఒక్క అంకె చూసి నాణ్యత తేల్చలేం.

రెండోది ఇంపెడెన్స్. దీన్ని ఓమ్‌లలో చెబుతారు. 16, 32 ఓమ్‌లవి ఫోన్, ల్యాప్‌టాప్‌తో హాయిగా నడుస్తాయి. ఎండీఆర్-7506కు 63 ఓమ్‌లు. హెచ్‌డీ 600కు 300 ఓమ్‌లు, దానికి హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ లేదా మంచి ఆడియో ఇంటర్‌ఫేస్ తోడు కావాలి. డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది. ఒకే పేరు చూసి 250 ఓమ్‌లది తెచ్చి ఫోన్‌కు తగిలించి, శబ్దం రావట్లేదని వాపసు చేసేవాళ్లు ఉంటారు. తప్పు వస్తువుది కాదు.

మూడోది సెన్సిటివిటీ. ఒక మిల్లీవాట్ కరెంటు ఇస్తే ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో ఇది చెబుతుంది. ఈ అంకె 3 పెరిగితే అదే శబ్దానికి సగం కరెంటు చాలు. ఇంపెడెన్స్, సెన్సిటివిటీ రెండూ కలిపి చూస్తేనే ఫోన్‌తో నడుస్తుందా లేదా అన్నది తెలుస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి

పేరున్న మోడళ్లకు నకిలీలు ఎక్కువ. మరీ తక్కువ ధర కనిపిస్తే అనుమానించాలి. జీఎస్టీ బిల్లు, దాని మీద మోడల్ పేరు, వీలైతే సీరియల్ నంబర్ రాయించుకోవాలి. బిల్లు లేని తగ్గింపు చివరికి వారంటీ లేని ఖర్చే. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్, ఇయర్‌ఫోన్స్‌కు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్టె మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. అమ్మిన దుకాణం మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

దుకాణంలో పెట్టుకుని చూసే వీలుంటే పది నిమిషాలైనా పెట్టుకోవాలి. రెండు నిమిషాల్లో ఏ జతైనా సుఖంగానే ఉంటుంది. బాగా తెలిసిన ఒక ఆడియో వినాలి. ఎడమ, కుడి సరిగ్గా వస్తున్నాయా, ఒక్క గొంతు ఉన్న చోట అది సరిగ్గా మధ్యలో నిలుస్తోందా చూడాలి. ఒక పక్కకు లాగినట్టుంటే ఆ జత వదిలేయాలి.

ఇంకో ప్రశ్న తప్పక అడగాలి: ప్యాడ్లు, వైరు విడిగా దొరుకుతాయా? లెక్క వేసి చూస్తే దీని విలువ తెలుస్తుంది. 600 రూపాయల జత ఆరు నెలలకొకటి చొప్పున పోతే మూడేళ్లలో 3,600 అవుతుంది. వైరు ఊడదీసి మార్చుకునే 3,000 రూపాయల జత, మధ్యలో ఒకసారి ప్యాడ్లకు మరో 500 పెట్టినా, మూడేళ్లకు 3,500 దగ్గరే ఉంటుంది. పైగా మూడేళ్లూ మెరుగైన శబ్దం.

శుభ్రం, భద్రం

మన వాతావరణంలో హెడ్‌ఫోన్స్‌కు శత్రువులు మూడు: చెమట, తల నూనె, ఉక్కపోత. ప్యాడ్ల మీద తోలులా కనిపించేది చాలావరకు ప్లాస్టిక్ పూతే. చెమట, నూనె, అత్తరు తగిలి అది గట్టిపడి, పగిలి, నల్లటి పొట్టులా రాలుతుంది. వాడిన ప్రతిసారీ మెత్తని పొడి గుడ్డతో తుడవాలి. వారానికోసారి కొద్దిగా తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వాలి. స్పిరిట్, శానిటైజర్ ఈ పూతను త్వరగా పగలగొడతాయి, వాడొద్దు. మఖ్మల్ లాంటి గుడ్డ ప్యాడ్లైతే ఊడదీసి తేలికపాటి సబ్బు నీళ్లతో ఉతికి, పూర్తిగా ఆరాకే తొడగాలి.

ప్యాడ్ చదునైపోతే శబ్దమే మారుతుంది. చెవికీ డ్రైవర్‌కూ మధ్య దూరం తగ్గుతుంది, సీల్ పోతుంది. 'ముందున్నంత బేస్ లేదు' అనే ఫిర్యాదుకు చాలాసార్లు కొత్త ప్యాడ్లే మందు.

కప్ లోపల బర్ర్ మని శబ్దం వస్తే డ్రైవర్ పోయిందని కంగారుపడొద్దు. ప్యాడ్ తీసి చూస్తే పలుచని పొర మీద ఒక వెంట్రుక పడి ఉండొచ్చు. మెత్తని బ్రష్‌తో, పొరను నొక్కకుండా తీసేయాలి. నోటితో గట్టిగా ఊదడం, వాక్యూమ్ పెట్టడం చేయకూడదు.

వైరును ఫోన్ చుట్టూ, కప్ చుట్టూ బిగించి చుట్టకూడదు. లోపలి సన్నని తీగలు తెగేది అక్కడే. వదులుగా గుండ్రంగా చుట్టి మెత్తని పట్టీతో కట్టాలి. పిన్ తీసేటప్పుడు వైరు పట్టి లాగకుండా పిన్‌నే పట్టుకుని తీయాలి. కుర్చీ చక్రం కింద వైరు పడటం స్టూడియోల్లో తరచూ జరిగే నష్టం. గోడకు ఒక కొక్కెం కొట్టి తగిలిస్తే సరిపోతుంది. వానాకాలంలో డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచాలి.

ఇన్-ఇయర్ టిప్‌లను వారానికోసారి తీసి సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. జాలీ మీద గులిమి ఉంటే జాలీ కిందికి ఉండేలా పట్టుకుని పొడి బ్రష్‌తో దులపాలి, సూది పెట్టకూడదు. ఒకరి ఇన్-ఇయర్ ఇంకొకరు పెట్టుకోకపోవడమే మంచిది. చెవి ఇన్ఫెక్షన్లు అలా ఒకరి నుంచి ఒకరికి చేరే అవకాశం ఉంది.

బ్లూటూత్ జతల్లో లిథియం బ్యాటరీ ఉంటుంది. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడి నెలల తరబడి పక్కన పెడితే అది మళ్లీ లేవకపోవచ్చు. వాడకుండా ఉంచాల్సి వస్తే సగం చార్జ్‌తో ఉంచాలి. ఏప్రిల్, మే ఎండల్లో మూసిన కారులో వదిలేయకూడదు. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే చార్జింగ్ పెట్టకుండా, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయాలి. చెత్తబుట్టలో వేయకూడదు.

రిపేర్ చేయించేముందు

ఒక వైపు రాకపోతే ముందు వేరే ఫోన్‌కు తగిలించి చూడాలి. అక్కడ బాగుంటే లోపం ఫోన్ సాకెట్‌లో ఉంది, అందులో దూది, దుమ్ము ఇరుక్కుని ఉండొచ్చు. రెండు చోట్లా రాకపోతే పిన్ దగ్గర, కప్ దగ్గర వైరును మెల్లగా వంచి చూడాలి. ఏ చోట వంచితే శబ్దం వచ్చిపోతుందో తీగ తెగింది అక్కడే.

పిన్ దగ్గర తెగితే ఆ ముక్క కత్తిరించి కొత్త పిన్ సోల్డరింగ్ చేయిస్తే సరిపోతుంది. లోపలి సన్న తీగల మీద రంగు పూత ఉంటుంది. దాన్ని వేడితో కాల్చకుండా అతికిస్తే టాకా పట్టదు, నాలుగు రోజుల్లో మళ్లీ ఊడుతుంది. మామూలుగా ఎరుపు కుడి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ, రాగి రంగు గ్రౌండ్. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ ఇలాంటి పిన్నులకు, వైర్లకు, ఆడియో విడిభాగాలకు పాత చిరునామా. ఖరీదైన స్టూడియో జత డ్రైవర్ పోతే మాత్రం కంపెనీ సర్వీస్‌ను అడగడమే మేలు.

చెవికి విడిభాగాలు లేవు

లోపలి చెవిలో ఒక్కో వైపు సుమారు 16,000 సూక్ష్మ రోమ కణాలు ఉంటాయి. శబ్దాన్ని మెదడుకు అందించేవి అవే. పెద్ద శబ్దానికి చచ్చిపోయిన కణం మనిషిలో మళ్లీ పుట్టదు. నష్టం నొప్పి లేకుండా, నెమ్మదిగా జరుగుతుంది. మొదట పోయేది పై స్వరాలు. మాట వినిపిస్తుంది కానీ అక్షరం స్పష్టంగా అందదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు. పిల్లలకు 75 డెసిబెల్స్ వద్ద అంతే సమయం. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. పెద్దవాళ్ల లెక్కన 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు. అది రోజుకు కాదు, వారం మొత్తానికి. ప్రపంచవ్యాప్తంగా వంద కోట్లకు పైగా యువత ఇలాంటి వాడకం వల్ల వినికిడి ప్రమాదం అంచున ఉన్నారన్నది ఆ సంస్థ అంచనా.

ఇంట్లో డెసిబెల్ మీటర్ ఉండదు కాబట్టి సులువైన కొలతలు పాటించాలి. వాల్యూమ్ గరిష్ఠంలో 60 శాతం దాటనివ్వకూడదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న పిల్లవాడిని చేయి చాచినంత దూరం నుంచి మామూలు గొంతుతో పిలిస్తే పలకాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ పరిమితి ఉంటే పెట్టేయాలి. పిల్లల హెడ్‌ఫోన్స్ మీద '85 డెసిబెల్స్ లిమిట్' అని ఉన్నా గంటల తరబడి వినడానికి అది భరోసా కాదు. మూడు, నాలుగు గంటల క్లాసులుంటే మధ్యలో కొన్నైనా స్పీకర్‌లో వినిపించాలి. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే నిద్రపోయే అలవాటు మాన్పించాలి.

హెడ్‌ఫోన్స్ తీశాక చెవిలో గుయ్‌మని మోత, చెవి మూసుకున్నట్టుండటం, టీవీ వాల్యూమ్ పెంచమని మాటిమాటికీ అడగడం హెచ్చరికలు. ఇవి ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే ఆ రోజే వెళ్లాలి, ఆలస్యం చేస్తే చికిత్స ఫలితం తగ్గుతుంది. హైదరాబాద్‌లో కోఠిలోనే ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. అలీ యావర్ జంగ్ పేరు మీద ఉన్న జాతీయ వాక్, వినికిడి సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఎవరికి ఏది

రికార్డింగ్ చేసే ఇంటికి: వైరు ఉన్న క్లోజ్డ్ బ్యాక్, ఓమ్‌లు తక్కువ ఉన్నది, ప్యాడ్లు మార్చుకునే వీలున్నది. మిక్సింగ్ కూడా చేస్తే మొదట అదే జతతో మొదలుపెట్టి, నిశ్శబ్దమైన గది, ఆడియో ఇంటర్‌ఫేస్ సమకూరాకే ఓపెన్ బ్యాక్. ఆన్‌లైన్ క్లాసులకు: తేలికపాటి వైర్డ్ హెడ్‌సెట్, మైక్ ఉన్నది. ప్రయాణాలకు, కాల్స్‌కు: బ్లూటూత్, వీలైతే నాయిస్ క్యాన్సిలేషన్‌తో. చిన్న పిల్లలకు: ముందు స్పీకర్, తప్పనిసరైతేనే హెడ్‌ఫోన్స్, అదీ వాల్యూమ్ పరిమితి పెట్టాకే.